పాసుపుస్తకానికే పుట్టే అప్పు

పల్నాడులో నాకు తెలిసిన ఒక కౌలు రైతు ఉన్నాడు. నాలుగెకరాల్లో మిర్చి వేస్తాడు. నాలుగూ పరాయి భూములే. ఒక వేసవిలో వాళ్లింటికి వెళ్లినప్పుడు, "బ్యాంకు లోను ఏమన్నా వచ్చిందా బాబాయ్?" అని అడిగాను. ఆయన ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్లి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి మంచం మీద బోర్లించాడు. రబ్బరు బ్యాండు వేసిన పురుగుమందుల కొట్టు చీటీల కట్ట ఒకటి. ప్రామిసరీ నోటు జిరాక్సు ఒకటి. పిన్ని గొలుసు తాకట్టు పెట్టిన రసీదు. ఆఖరున, అంచులు నలిగిపోయిన ఆమె డ్వాక్రా పుస్తకం. "ఇయ్యేరా నా లోన్లు" అన్నాడు. పంట రుణం కాగితం అందులో లేదు.

ఆ నాలుగెకరాల్లో రెండెకరాల మీద బ్యాంకులో పంట రుణం ఉంది. అది యజమాని పేరున ఉంది. ఆయన హైదరాబాదులో ఉంటారు. ఆ పొలంలో ఏ పంట ఉందో ఆయనకు ఫోనులో చెబితే తప్ప తెలియదు.

చిన్న రైతుకు బ్యాంకు అప్పు ఎందుకు పుట్టదన్న ప్రశ్నకు సగం జవాబు ఈ రెండెకరాల్లోనే ఉంది. రైతుకు చదువు లేదనో, బ్యాంకు మేనేజరు మంచివాడు కాదనో చెప్పే కారణాలు నాకు ఎప్పుడూ ఆనవు. దుక్కి దున్నేది ఎవరని అడిగే అలవాటు మన రుణ వ్యవస్థకు లేదు. పాసుపుస్తకం ఎవరి పేరున ఉందని అడుగుతుంది. చాలా చిక్కులు అక్కడే మొదలవుతాయి.

ముందు డబ్బు సంగతి చూద్దాం. స్వల్పకాలిక పంట రుణం 3 లక్షల దాకా 7 శాతం వార్షిక వడ్డీకి వస్తుంది. గడువులోపు కడితే మరో 3 శాతం రాయితీ. అంటే చివరకు పడేది 4 శాతం. ఊళ్లో అప్పు లెక్క వేరు. అక్కడ నెలకు నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయలు అంటారు. వినడానికి చిన్నగానే ఉంటుంది. ఏడాదికి చూస్తే 24 శాతం, 36 శాతం. మిర్చికి జూన్‌లో తెచ్చిన లక్ష రూపాయలు మార్చిలో తీర్చాడనుకోండి, తొమ్మిది నెలలు. బ్యాంకులో అయితే వడ్డీ 3 వేలు. రెండు రూపాయల వడ్డీకైతే 18 వేలు. మూడు రూపాయలకైతే 27 వేలు. అదే నేల, అదే విత్తనం, అదే వాన. కళ్లంలో కాయ ఎండకముందే ఇద్దరి మధ్య లక్షకు 15 వేల నుంచి 24 వేల తేడా వచ్చేసింది. దీనికి కౌలు అదనం. మిర్చి నేలలకు చాలాచోట్ల కౌలు ముందే కట్టాలి. కాబట్టి కౌలు డబ్బుకు కూడా వడ్డీ పడుతుంది.

బ్యాంకు లెక్క ఎలా కడుతుంది

ఏ పంటకు ఎకరాకు ఎంత అప్పు ఇవ్వవచ్చో ఏటా జిల్లా స్థాయి సాంకేతిక కమిటీ నిర్ణయిస్తుంది. బ్యాంకుల్లో దీన్ని స్కేల్ ఆఫ్ ఫైనాన్స్ అంటారు. ఉదాహరణకు ఒక పంటకు ఎకరాకు 50 వేలు అని పెట్టారనుకుందాం. రెండెకరాల రైతుకు లక్ష. దాని మీద కోత తర్వాతి ఖర్చులకు, ఇంటి అవసరాలకు 10 శాతం, పనిముట్లు, మోటార్ల మరమ్మతులకు 20 శాతం, పంట బీమా ప్రీమియం కలుపుతారు. మొత్తం 1.30 లక్షలు, పైన బీమా. కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితిని ఇలాగే కడతారు. 1998లో మొదలైన ఈ కార్డు నిజానికి మంచి ఏర్పాటు. ఒకసారి పరిమితి ఖాయమైతే ఏటా మళ్లీ దరఖాస్తులతో తిరగనక్కర్లేదు, కావలసినప్పుడు తీసుకుని, పంట అమ్మాక కట్టుకోవచ్చు.

ఈ లెక్కలో అన్నింటినీ ఎకరాలతోనే గుణించాలి. ఆ ఎకరాలు నీవేనని ఎవరు చెప్పాలి? ఆంధ్రలో అయితే 1-బి అనే భూ హక్కుల రికార్డు, పొలం వివరాలుండే అడంగల్. తెలంగాణలో పట్టాదారు పాసుపుస్తకం. చాలామంది ఇక్కడొక సంగతి పొరబడతారు. 2 లక్షల దాకా వ్యవసాయ రుణానికి తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నియమం. అంతకుముందు 1.6 లక్షలుగా ఉన్న పరిమితిని 2025 జనవరి 1 నుంచి పెంచారు. "మరి తాకట్టే అక్కర్లేనప్పుడు పాసుపుస్తకం ఎందుకు అడుగుతున్నారు?" అని రైతులు కోపంగా అడుగుతారు. తాకట్టుకు అక్కర్లేకపోయినా, ఎన్ని ఎకరాలు సాగు చేస్తున్నాడో తేల్చడానికి బ్యాంకుకు ఏదో ఒక కాగితం కావాలి. ఆ కాగితం మన దగ్గర ఎక్కువగా యాజమాన్యాన్నే చెబుతుంది, కౌలు సాగును చాలాసార్లు చెప్పదు. తెలంగాణలో 2020 అక్టోబరులో ధరణి అనే భూ రికార్డుల పోర్టల్ వచ్చాక, పాత పహాణీలో (అడంగల్‌కు అక్కడి పేరు) ఉండే అనుభవదారు కాలమ్ కూడా పోయింది. పొలంలో నిజంగా ఉన్నదెవరో చెప్పే ఆ ఒక్క గడీ రైతుకు ఎంత అవసరమో అది పోయాకే చాలామందికి తెలిసొచ్చింది.

రూలు పుస్తకం ప్రకారం కౌలుదారుకు, నోటిమాట మీద కౌలు చేసేవాడికి, పాలికి చేసేవాడికి కూడా కిసాన్ క్రెడిట్ కార్డు ఇవ్వవచ్చు. అర్హుల జాబితాలో వాళ్ల పేరు స్పష్టంగానే ఉంది. కానీ శాఖలో కూర్చున్న అధికారి వైపు నుంచి ఒక్కసారి చూడండి. ఈ ఏడు ఇక్కడ కౌలు చేసిన మనిషి వచ్చే ఏడు పక్క ఊళ్లో చేస్తాడు. పంట పోతే వెతుక్కుంటూ వెళ్లడానికి అతనికి పొలం లేదు. ఖాతా మొండిబకాయి అయితే సంజాయిషీ చెప్పాల్సింది ఆ అధికారే. అందుకే పై నుంచి ఎన్ని సర్క్యులర్లు వచ్చినా కౌంటరు దగ్గరికి వచ్చేసరికి "ఓనరు సంతకం తీసుకురా" అన్న మాట దగ్గర ఆగిపోతుంది.

ఓనరు సంతకం ఎందుకు పెట్టడు

యజమాని భయం ఊరకే పుట్టింది కాదు. ఆంధ్ర ప్రాంతంలో 1956 కౌలు చట్టం, తెలంగాణ ప్రాంతంలో 1950 కౌలుదారీ చట్టం రెండూ కౌలుదారును కాపాడటానికి వచ్చినవే. తెలంగాణలో రక్షిత కౌలుదార్లకు 38-ఇ సెక్షన్ కింద భూమి మీద యాజమాన్య హక్కు కూడా దక్కింది. ఆనాటి జమీందారీ, జాగీర్దారీ రోజుల్లో అది న్యాయమే. కానీ ఆ జ్ఞాపకం ఇప్పటికీ ఊళ్లలో తిరుగుతోంది. "కాగితం రాసిస్తే పొలం పోతుంది" అన్న మాట తాతల నుంచి మనవల దాకా వచ్చింది. దాంతో కౌలు ఒప్పందాలన్నీ నోటిమాటకు మారిపోయాయి. రైతును కాపాడటానికి రాసిన చట్టమే అతన్ని రికార్డులో కనపడకుండా చేసింది.

ఈ ముడి విప్పడానికి ఉమ్మడి రాష్ట్రం 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం తెచ్చింది. అంతకు ముందే, 2004లో జయతీ ఘోష్ అధ్యక్షతన పనిచేసిన రైతు సంక్షేమ కమిషన్ కౌలుదార్లను నమోదు చేయాలని గట్టిగా చెప్పింది. 2011 చట్టం ఆలోచన బాగుంది. రెవెన్యూ సిబ్బంది ఊళ్లో విచారించి, సాగు చేస్తున్న వాళ్లకు ఏడాది కాలానికి రుణ అర్హత కార్డు ఇస్తారు. దాంతో యజమాని హక్కుకు ఏ భంగమూ రాదు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో ఆ కార్డుల పని దాదాపు ఆగిపోయింది. ఆంధ్రప్రదేశ్ 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. ఇందులో కౌలుదారు, యజమాని 11 నెలలకు మించకుండా ఒప్పందం రాసుకుంటారు. దాని మీద సీసీఆర్‌సీ అనే సాగు హక్కు పత్రం ఇస్తారు. పంట రుణం, బీమా, పంట నష్ట పరిహారం, మద్దతు ధరకు అమ్మకం అన్నింటికీ అది పనికొస్తుంది.

2011 నాటి ప్రయత్నం రెవెన్యూ విచారణ మీద నడిచింది. 2019 నాటిది యజమాని సంతకం మీద నిలబడింది. అంటే యజమాని భయపడుతున్నాడని తెలిసి, తాళంచెవి ఆయన చేతికే ఇచ్చినట్టయింది. ఇది ఆ చట్టంలోని పెద్ద లోపమని నేను నమ్ముతాను. సంతకం పెట్టిన యజమానులు ఉన్నారు, వాళ్లకు దండం పెట్టాలి. కానీ ఒక రైతు హక్కు ఇంకొకరి మంచితనం మీద ఆధారపడకూడదు.

సంతకం దొరికినా ఇంకో గోడ ఉంది. యజమాని అప్పటికే ఆ సర్వే నంబరు మీద పంట రుణం తీసుకుని ఉంటాడు. ఒకే నేల మీద రెండు పంట రుణాలు ఇవ్వడానికి బ్యాంకు ఒప్పుకోదు. మా బాబాయికి ఎదురైంది ఇదే. "కార్డుంది, సంతకముంది, కంప్యూటర్లో చూస్తే ఆ నంబరు మీద లోను ఆల్రెడీ ఉందంట" అని చెప్పేటప్పుడు ఆయన గొంతులో కోపం కూడా లేదు.

అప్పులు పుష్కలం, రైతుకు మాత్రం కరువు

ఇక్కడ అంకెలు చూస్తే తల తిరుగుతుంది. వ్యవసాయ రుణాల తీరును పరిశీలించడానికి రిజర్వు బ్యాంకు వేసిన ఎం.కె. జైన్ బృందం 2019లో నివేదిక ఇచ్చింది. వాణిజ్య బ్యాంకుల రుణం అందుతున్నది దేశంలోని సన్న, చిన్నకారు రైతుల్లో 40.9 శాతానికే అని అది తేల్చింది. అదే నివేదికలో, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లాంటి కొన్ని రాష్ట్రాల్లో ఇచ్చిన పంట రుణాలు పంటల పెట్టుబడి అవసరానికి రెండింతలు దాటాయని కూడా ఉంది. రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చదవండి. మన దగ్గర అప్పుకు కొరత లేదు. పెట్టుబడికి మించి ఇస్తున్నారు. అయినా మిర్చి కౌలు రైతు మూడు రూపాయల వడ్డీకి తిరుగుతున్నాడు.

మరి ఆ డబ్బంతా ఎటు పోతోంది? బ్యాంకులు ఇచ్చే అప్పుల్లో 18 శాతం వ్యవసాయానికి, ఆ 18లో భాగంగానే మొత్తం అప్పుల్లో 10 శాతం సన్న, చిన్నకారు రైతులకు చేరాలని లక్ష్యం ఉంది. లక్ష్యం చేరడానికి అన్నింటికన్నా తేలికైన దారి బంగారం. పాసుపుస్తకం నకలు, నాలుగు కాసుల గొలుసు తెస్తే గంటలో వ్యవసాయ రుణం అయిపోతుంది. బ్యాంకుకు భయం లేదు, బంగారం బీరువాలో ఉంది. సాగు చేస్తున్నాడా లేదా అని పొలానికి వెళ్లి చూసే పనీ లేదు. పట్నంలో ఉండే యజమానులు ఇలా తీసుకున్న తక్కువ వడ్డీ డబ్బు ఇంకెక్కడెక్కడికో వెళ్లింది. అందుకే తర్వాత వడ్డీ రాయితీని కిసాన్ క్రెడిట్ కార్డు ఖాతాలకే పరిమితం చేశారు. బంగారం మీద అప్పు తప్పని నేను అనను. అర్ధరాత్రి ఆసుపత్రి ఖర్చుకు ఆదుకునేది అదే. కానీ దాన్ని పంట రుణాల లెక్కలో కలిపి చూపించుకుంటే లక్ష్యం నిండుతుంది, పొలానికి డబ్బు చేరదు.

2019లో జాతీయ నమూనా సర్వే 77వ విడత లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి. దేశం మొత్తంలో అది 50.2 శాతమే. సగటు అప్పు ఆంధ్రలో కుటుంబానికి దాదాపు 2.45 లక్షలు, దేశ సగటు 74 వేలు. ఈ అంకెలు చూపి మన రైతులు అప్పుల ఊబిలో ఉన్నారని రాసేస్తుంటారు. కొంత నిజమే. కానీ బ్యాంకు అప్పు ఎక్కువమందికి అందిన చోట కూడా ఈ అంకె పెరుగుతుంది. 4 శాతం అప్పు, 36 శాతం అప్పు ఒకే గంపలో వేసి తూచితే అసలు బాధ కనపడదు.

సొంత భూమి ఉన్న చిన్న రైతుకైనా అన్నీ సాఫీగా జరుగుతాయా అంటే అదీ లేదు. నాన్న చనిపోయి పదేళ్లయినా పట్టా ఆయన పేరునే ఉంటుంది. అన్నదమ్ములు నోటిమాట మీద పంచుకుని చేసుకుంటుంటారు. విరాసత్, అంటే పట్టా వారసుల పేరున మార్పు, చేయించాలంటే అందరి సంతకాలూ కావాలి, ఒకరు బెంగళూరులో ఉంటారు, ఇంకొకరికి పంపకంలో తగువు. ఇక ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములు. వాటి అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించినా బ్యాంకులో తనఖా పెట్టడానికి మినహాయింపు ఉంది. అమ్ముకోలేని నేలను తనఖా తీసుకుని ఏం చేసుకోవాలని బ్యాంకులు వెనకాడతాయి. పోడు పట్టాలదీ అదే కథ.

ఆడవాళ్ల సంగతి వేరే చెప్పాలి. నాట్లు, కలుపు, కోత, పత్తి తీత వాళ్ల చేతుల మీదే నడుస్తాయి. పట్టా మాత్రం మామగారి పేరునో, భర్త పేరునో ఉంటుంది. భర్త ఆత్మహత్య చేసుకున్న ఇంట్లో ఆమెకు మిగిలేది ఆయన చేసిన అప్పు. ఆయన సాగు చేసిన భూమి మీద ఆమెకు కాగితం ఉండదు. మరుసటి జూన్‌లో ఆమె అదే నేలలో విత్తనం వేయాలి.

రుణమాఫీ ఈ చిక్కులు తీర్చిందా? తీసుకున్నవాళ్లకు ఊరట దక్కింది, కాదనను. 2014లో ఆంధ్రప్రదేశ్ కుటుంబానికి 1.5 లక్షల దాకా, తెలంగాణ లక్ష దాకా ప్రకటించాయి. రెండూ విడతలుగా ఇచ్చాయి. వడ్డీ రాయితీ ఏడాది దాకానే వర్తిస్తుంది. గడువు దాటితే మామూలు వడ్డీ పడుతుంది. ఆ తర్వాత రెండు పంట కాలాలు దాటితే ఖాతా మొండిబకాయిల్లో చేరుతుంది, కొత్త అప్పుకు తలుపు మూసుకుంటుంది. మాఫీ వస్తుందని కట్టకుండా ఆగిన రైతుకు విడత చేతికందేలోపు వడ్డీ పెరిగిపోయింది. 2024లో తెలంగాణ 2 లక్షల దాకా మాఫీని జూలై, ఆగస్టు నెలల్లోనే మొదలుపెట్టి చేయడం ఆ పాఠం నేర్చుకున్నట్టే. అయితే 2 లక్షలకు మించిన బాకీ ఉన్నవాళ్లు పైమొత్తం ముందు కట్టుకోవాలన్నారు. ఏది ఎలా ఉన్నా, మాఫీ అందేది బ్యాంకులో ఖాతా ఉన్నవాడికే. నోటు రాసిచ్చిన అప్పు ఈ మాఫీల్లో దేనిలోకీ రాలేదు.

మాఫీ లేని ఏళ్లలో అప్పు తిరగరాయించడం అని ఒక తంతు ఉంటుంది. గడువులోపు అసలు, వడ్డీ కట్టేసినట్టు చూపించి, ఒకటి రెండు రోజుల్లో అదే మొత్తం మళ్లీ తీసుకుంటారు. పంట ఇంకా అమ్ముడుపోని మార్చిలో లక్షన్నర ఎక్కడి నుంచి వస్తుంది? మా నాన్న ఏటా ఒకే మనిషి దగ్గరికి వెళ్లేవాడు. రెండు రోజులకు లక్షకు వెయ్యి. ఆ మనిషి డబ్బుతో పాటు బ్యాంకు దాకా వచ్చి, మెట్ల మీద కూర్చుని, మళ్లీ విత్‌డ్రా చేయగానే లెక్కపెట్టుకుని వెళ్లేవాడు. 4 శాతం వడ్డీ కాపాడుకోవడానికి రెండు రోజుల్లో ఒక శాతం పోయేది. నాన్న ఖాతా రికార్డులో సకాలంలో చెల్లించిన మంచి ఖాతా. ఇంటికి మాత్రం ఒక్క కొత్త రూపాయి రాలేదు.

ఇప్పుడు బాబాయి సంచిలోని చీటీల కట్ట దగ్గరికి వద్దాం. పురుగుమందుల కొట్టు అప్పు వడ్డీ ఒక్కటే అయితే సరిపోయేది. అరువుకు ఇచ్చేటప్పుడు మందు ధర వేరుగా ఉంటుంది. ఏ మందు కొట్టాలో చెప్పేది కూడా కొట్టాయనే. పంట వచ్చాక ఆయన చెప్పిన కమీషన్ వ్యాపారికే వేయాలి, గుంటూరు యార్డులో ధర పెరిగేదాకా కోల్డ్ స్టోరేజీలో పెట్టుకునే వీలుండదు. అప్పు ఇచ్చినవాడే సలహా ఇచ్చి, సరుకు అమ్మి, పంట కూడా తీసుకుంటే రైతుకు బేరమాడే చోటు ఎక్కడ మిగులుతుంది? బ్యాంకు అప్పు రాకపోవడం వల్ల రైతు పోగొట్టుకునేది వడ్డీ తేడా ఒక్కటే కాదని చెప్పడానికే ఇంత రాశాను.

ఆ సంచిలో నాకు ఆశ కలిగించింది డ్వాక్రా పుస్తకం. అదే ఊరు, అదే బ్యాంకు శాఖ. బాబాయికి పాసుపుస్తకం లేదని పైసా ఇవ్వని బ్యాంకు, పిన్నికి ఏ భూమి కాగితమూ అడగకుండా సంఘం హామీ మీద అప్పు ఇచ్చింది. ఆమె నెలనెలా కట్టింది. ఆ డబ్బులో సగం మిర్చి నారుకే పోయింది. అంటే భూమి కాగితం లేని వాళ్లను నమ్మడం మన బ్యాంకులకు చేతకాని విద్య కాదు. కౌలు రైతులకూ ఇలాంటి దారి ఉంది. నలుగురి నుంచి పదిమంది దాకా కలిసి ఒకరికొకరు హామీగా ఉండే ఉమ్మడి బాధ్యతా సంఘాలను నాబార్డు చాలా ఏళ్లుగా ప్రోత్సహిస్తోంది. కానీ డ్వాక్రా సంఘాలను ఇంటింటికీ తిరిగి కట్టి, ఏళ్ల తరబడి పుస్తకాలు రాయించి నిలబెట్టినట్టు వీటిని ఎవరూ నిలబెట్టలేదు. వేసవిలో నాలుగు సంఘాలు పుట్టి సంక్రాంతికి మాయమైతే ఏ మేనేజరు నమ్ముతాడు?

ఆంధ్రలో ఇప్పుడు కౌలు చేస్తున్న వాళ్లు ఈ జూన్‌లో చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. గ్రామ సచివాలయంలో సీసీఆర్‌సీకి దరఖాస్తు పెట్టడం. దొరికినా దొరకకపోయినా ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-పంటలో సాగుదారుగా మీ పేరే నమోదయ్యిందో లేదో దగ్గరుండి చూసుకోవడం. యజమానికి ఆ నేల మీద రుణం ఉందేమో ముందే కనుక్కుని, లేని సర్వే నంబర్ల మీదే కార్డు తీసుకోవడం. యజమాని జంకితే, ఒప్పందం 11 నెలలదేనని, దానివల్ల భూమి మీద కౌలుదారుకు ఏ హక్కూ రాదని చట్టంలోనే రాసి ఉన్న మాట ఆయనకు చదివి వినిపించడం. మా బాబాయి మూడో యజమాని దగ్గర అదే చేశాడు. కాగితం జేబులో పెట్టుకుని ఆదివారం పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాడు. పెద్దాయన కళ్లద్దాలు తెప్పించుకుని రెండుసార్లు చదివి, "మా అబ్బాయికి కూడా ఒకసారి ఫోన్ చేసి చెప్తాను, రేపు రా" అన్నాడట.